ఎర్తు గుంతకు బిందెడు నీళ్లు

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్లో నా మొదటి ఉద్యోగం. నాయన అక్కడే కటింగ్ మాస్టరు, ఆయన మాట మీదే నన్ను పనిలో పెట్టుకున్నారు. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించడం నా పని. అలా రెండేళ్లు కత్తిరించి కూడబెట్టిందంతా ఒక కంప్యూటరు కోసం. పైచదువుకు పనికొస్తుందని ఇంట్లో చెప్పాను. చదువూ లేదు, పాడూ లేదు, ఆటలాడుకోవడానికే. ఇప్పుడైనా నిజం చెప్పకపోతే ఈ రాత దండగ.

ప్యాంట్లకు తగిలించే అట్టముక్కల వెనక జాబితాలు రాసేవాణ్ణి. ప్రాసెసరు, బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, మానిటర్. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించక తప్పదు. పెద్ద మానిటర్ కొట్టేశాను. స్పీకర్లు కొట్టేశాను. ప్రాసెసరును ఒక మెట్టు దించాను. ఎన్ని కొట్టేసినా గ్రాఫిక్స్ కార్డు జోలికి మాత్రం పోలేదు.

దానికి కారణం బళ్ళారి. మాకు అనంతపురం కంటే అదే దగ్గర. అక్కడి కంప్యూటర్ల అంగట్లో యజమాని రెండు మానిటర్ల మీద ఒకే ఆట పెట్టి చూపించాడు. కార్డు లేనిదాంట్లో నది నీలం రంగు వేసిన గచ్చులా ఉంది. కార్డు ఉన్నదాంట్లో అలలున్నాయి, అలల మీద ఎండ తళుక్కుమంటోంది, పడవ పోతుంటే నీళ్లు రెండుగా చీలుతున్నాయి.

"నీళ్లు నీళ్ల మాదిరే కనపడల్లంటే ఈ కార్డే తీసుకోవల్లప్పా" అన్నాడాయన.

అంత నీరున్న నదిని నేను అప్పటిదాకా కళ్లతో చూడలేదు. ఇంకేం ఆలోచించలేదు, తీసుకుంటానన్నాను.

అన్నీ బిగించి అట్టపెట్టెలో పెడుతూ ఆయన ఒక మాట అడిగాడు. "ఇంట్లో ఎర్తింగ్ ఉండాది కదా?"

"ఉండాదన్నా" అనేశాను. అదేమిటో నాకు తెలియదు. తెలియదంటే ఎక్కడ చులకనైపోతానో అని భయం. అన్ని జాబితాలు రాశాను కానీ, ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు.

మా ఇంటి ప్లగ్గులకు ఉన్నది రెండు కన్నాలే. ఏదో అడాప్టరు తగిలించి పని కానిచ్చాను. వట్టికాళ్లతో కంప్యూటరు డబ్బాను ముట్టుకుంటే చేయి జుమ్మనేది. నేను చెప్పులేసుకుని ఆడుకునేవాణ్ణి, అంతటితో నా సమస్య తీరింది. ఒకరోజు అమ్మ తడిగుడ్డతో దాన్ని తుడవబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కరుస్తాదప్పా ఇది" అంది.

నాయన వైరింగ్ ఆయన్ను పిలుచుకొచ్చాడు. ఆయన వాకిలి పక్కన గుంత తవ్వి, ఇనుప పైపు దించి, ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చాడు. పైపు నుంచి ఇంట్లోకి తీగ లాగి మూడు కన్నాల ప్లగ్గు పెట్టాడు.

"ఈ నేలలో తేమ యాడుండాదప్పా? గుంత ఎండిందంటే ఎర్తు పని చెయ్యదు, మళ్లా షాకు కొడతాది. దినామూ బిందెడు నీళ్లు పోస్తాండల్ల" అని చెప్పి పోయాడు.

మా వీధికి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. అమ్మ ఎండలో వరసలో నిలబడి తెచ్చిన నీళ్లే ఆ నాలుగు రోజులూ ఇంటిల్లిపాదికీ. స్నానం చేసిన నీళ్లు, అంట్లు కడిగిన నీళ్లు ప్రహరీ పక్కన ఆమె పెంచే కనకాంబరాలకు పోయేవి. పూలు కోసి, అల్లి, తను మూరెడు పెట్టుకుని మిగిలినవి వీధిలో పంచేది. మా ఇంట్లో పూర్తిగా ఆమెదంటూ ఉన్నది ఆ నాలుగు మొక్కలే.

"వాడిన నీళ్లే గుంతలో పోస్తే సరిపోతుంది కదా!" అన్నాను, ఏదో కనిపెట్టినవాడిలా. ఆమె ఆ రోజు నుంచే ఆ నీళ్లు గుంతకు మోసింది. వద్దని ఉంటే వినేవాణ్ణా? వినేవాణ్ణి కాదు. ఎండలు ముదిరేసరికి కనకాంబరాలు పుల్లలయ్యాయి. వాటిని పీకి నీళ్లపొయ్యిలో పెట్టింది. పైపు చుట్టూ మాత్రం పచ్చగా గడ్డి మొలిచింది.

నడి వేసవిలో వాడిన నీళ్లు కూడా చాలక మంచి నీళ్లే పోయవలసి వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆడుతున్నాను. అమ్మ చంకన బిందెతో గుంత దగ్గరికి పోతూ నా వెనక ఆగింది. తెర మీద నది, నదిలో నా పడవ.

"ఇది యా ఊరప్పా?"

"ఊరు కాదమ్మా, ఆట."

"ఎన్ని నీళ్లుండాయో!" అంది. బిందె దించకుండానే చాలాసేపు చూసింది. తరువాత అడిగింది. "ఇన్ని నీళ్లు దాంట్లోనే పెట్టుకోని, మళ్లా మన బిందెడు దానికెందుకప్పా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలియకే అడిగింది. నాకు ఒళ్లు మండింది. సిగ్గు రావలసిన చోట నాకు కోపం వస్తుంది, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

"నీకు చెప్పినా అర్థం కాదు, పోమ్మా" అన్నాను.

ఆమె బయటికి పోయింది. గుంతలో బిందె వంచిన చప్పుడు వినిపించింది. పడవ మలుపు తిరుగుతోంది, నేను తల తిప్పలేదు.