నల్లరంగు కుండ, సింగపూరు కాగితం

నాటకాలకి తెరలు రాసి బతికినవాణ్ణి నేను. ఇల్లు పెడనలో, పని గుడివాడలో ఒక నాటక సమాజం షెడ్డులో. రాజమహలు, అడవి, వీధి, పూరిగుడిసె. ఈ నాలుగు తెరలూ ఉంటే ఆ రోజుల్లో ఏ కథైనా ఆడేసేవారు. రాజుగారు మారినా మహలు మాత్రం మారేది కాదు. ఊరూరా సినిమా టెంట్లు లేచాక సమాజాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నేను ముచ్చటపడి రాసిన అడవి తెరని చివరికి ఒక రైతు మినుములు ఆరబోసుకోవడానికి కొనుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా అమ్మాను.

మద్రాసు వెళ్తే సినిమాల్లో పని దొరుకుతుందన్నారు. వెళ్ళాను. ప్రతి స్టూడియో గేటు దగ్గరా నాలాంటివాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. తిరిగొచ్చి, ఇళ్ళకి సున్నాలు వేసే పనికి పోతానని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడలేదు.

అలాంటప్పుడు మా సమాజంలో హార్మోనియం వాయించే ఆయన ఒక కబురు తెచ్చాడు. సింగపూరులో సినిమాలు తీసే కంపెనీకి మేనేజరుగా ఉన్నాయన దివిసీమ మనిషేనట. మొక్కు తీర్చుకోవడానికి మోపిదేవి వచ్చి బంధువుల ఇంట్లో దిగాడట. ఇంకా కొన్నాళ్ళుంటాడు, వెళ్ళి కలవమన్నాడు. ఆ నాలుగూ కాక విడిగా రాసుకున్న తెరల్లో రంగులు బాగా పండిన ఉద్యానవనం తెరని చుట్టి, బస్సు టాపు మీద వేయించి బయలుదేరాను.

మేనేజరుగారు మంచాయన. కాఫీ ఇప్పించి, కూర్చోబెట్టి, ఉన్న సంగతి చెప్పాడు.

"అక్కడ బొమ్మలు వేసేవాళ్ళు లేకనా, బోలెడుమంది ఉన్నారు. పైదేశం మనిషిని దింపాలంటే, ఈ పని ఇక్కడ ఎవరికీ రాదు, ఈయనకే వచ్చు అని కంపెనీ కాగితం రాసివ్వాలి. గవర్నమెంటువాళ్ళు అది చూసి సరేనంటేనే నువ్వు ఓడ దిగేది. మరి నీకొక్కడికే వచ్చిన పనేంటో చెప్పవోయ్!"

మా పెడనలో ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగరు. కలంకారీ గుడ్డ ఇంటిల్లిపాదీ చేసేది. ఒకరు కరక్కాయ నీళ్ళలో గుడ్డ తడిపితే ఒకరు ఆరేస్తారు, ఒకరు అచ్చు గుద్దితే ఒకరు ఉడకేస్తారు. ఇది నా ఒక్కడి పని అన్నవాణ్ణి చూసి వీధి వీధంతా నవ్వుతుంది. అలాంటి చోట పుట్టి, నాకొక్కడికే వచ్చిందేమిటో నేనెక్కడ వెతుక్కోను?

తెచ్చిన తెర విప్పాను. ఆయన మెడలో కెమెరాకి బొమ్మ ఎలా కనపడుతుందో చూసుకోవడానికి కెమెరావాళ్ళు వేసుకునే నల్లద్దం ఒకటి వేలాడుతోంది. దాంట్లోంచి తెరని చూసి, పెదవి విరిచి, అద్దం నా చేతికిచ్చాడు. పెట్టుకుని చూద్దును గదా, నా ఉద్యానవనం మాయమైపోయింది. ఎర్రపూలు పచ్చటి ఆకుల్లో కలిసిపోయాయి. నీలం కొలను గట్టుతో కలిసిపోయింది. అంతా ఒకటే మసక.

"మావి నలుపూ తెలుపూ బొమ్మలు. కెమెరాకి నీ ఎరుపుతో పనేముంది?" అన్నాడాయన, జాలిగానే.

ఇంటికొచ్చి పెరట్లో తెర విసిరి కొట్టాను. మా ఆవిడ కట్టెపుల్లతో నల్లరంగు కుండ కలుపుతోంది. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి పులియబెట్టే కుండ అది. మావాళ్ళు దీన్నే నలుపు కాయడం అంటారు. ఏమైందని అడిగితే జరిగిందంతా చెప్పాను.

"ఇంతేనా? ఎరుపు లేకపోతే బొమ్మే లేదా?" అంది. "మన గుడ్డ మీద ఎరుపు ఉడికిందాకా కనపడదుగా. అందాకా నలుపొక్కటే చూసుకుంటూ పని చెయ్యట్లేదూ?"

నిజమే. మా గుడ్డ మీద ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళే పడతాయి. వాటికి రంగుండదు. ఎక్కడ ఏ పువ్వు ఉందో మనసులో చూసుకుంటూ మిగతా పనంతా కానివ్వాలి. పుట్టిన దగ్గర్నించీ నలుపులోనే బతికినవాణ్ణి, తెరలు రాయడం మొదలెట్టాక రంగుల మోజులో పడి ఆ సంగతే మర్చిపోయాను.

ఆవిడ నల్లరంగుని వేరువేరు మూకుళ్ళలో నీళ్ళు పోసి పలచన చేసింది. ఒకటి కాటుక నలుపు, ఒకటి బూడిద రంగు, ఒకటి వాన మబ్బు రంగు, ఒకటి ఉందా లేదా అన్నంత పలచన. కరక్కాయ నీళ్ళు పట్టించిన పెద్ద గుడ్డ మీద ఆ నలుపులతోనే రాశాను. గిలకలదిండి రేవు, ఎండలో వలలు, వెనకాల సముద్రం. చాలా కాలం తర్వాత ఆకలి మర్చిపోయి పనిచేశాను.

ఈసారి మోపిదేవికి ఆవిడా వచ్చింది, పుట్టలో పాలు పోస్తానని. మేనేజరుగారు తెరని అద్దంలోంచి చూశాడు, అద్దం తీసి చూశాడు. రెండూ ఒకటే. దగ్గరికొచ్చి వేలితో రుద్దాడు. రంగు అంటలేదు, రాలలేదు.

"మా రంగులు లైట్ల కింద మెరిసి చస్తాయి. చుడితే పెచ్చులూడతాయి. ఇది గుడ్డలోకే ఇంకిపోయింది. ఇదీ కాగితంలో రాయాల్సింది!" అన్నాడు. "ఈ నలుపు నువ్వు అక్కడ కాయగలవు గదా?"

"రాదండీ. అది మా ఆవిడ పని" అన్నాను.

ఆయన అద్దాన్ని చొక్కాలోకి తోసేశాడు. "కంపెనీ ఇచ్చేది ఒక్క కాగితమయ్యా. ఆడమనిషి పేర ఇమ్మంటే వాళ్ళు వినరు. నలుపు లేకుండా నిన్ను తీసుకెళ్తే నువ్వూ అందరిలాంటివాడివే" అన్నాడు. తెర చుట్టుకుని వచ్చేశాం.

బస్సులో చల్లపల్లి దాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అక్కడ బస్సు ఆగగానే ఒక్కసారి నా వైపు తిరిగింది.

"రాదని ఎందుకన్నారు?"

"రాదు కాబట్టి. అబద్ధం చెప్పమంటావా?"

"నేర్చుకుంటానని ఎందుకనలేదు?"

ఆ ముక్క నాకు తట్టనే లేదు. మా ఇళ్ళల్లో అచ్చు పట్టే చెయ్యి నల్లరంగు కుండ ముట్టదు. ఆ చేత్తో గుడ్డ మీద ఒక్క చుక్క రాలినా అక్కడ నల్లగా పడుతుంది, ఇక గుడ్డ దండగే. అందుకని పసితనం నుంచీ ఆ కుండకి దూరంగా పెరిగాం. అది వద్దన్న పని మాత్రమేనని, రాని పని కాదని, ఆ రోజుదాకా నాకు తెలీదు.

"సున్నాలు వేస్తానన్నారు గుర్తుందా? మీరు సున్నం బకెట్టు పట్టుకుంటే నేను చూడలేను. దిగండి" అంది.

దిగి, వెనక్కి వెళ్ళే బస్సెక్కాం. మేనేజరుగారు అరుగు మీదే ఉన్నాడు. నన్ను మాట్లాడనివ్వలేదు ఆవిడ.

"అన్నయ్యగారూ, ఆయనకి రాకపోతే నాకొచ్చుగా. నేర్పి పంపుతాను. ఒక్క కుండ పులిసే దాకా ఆగండి, చాలు."

ఆయన నవ్వి, కంపెనీకి తను రాస్తానన్నాడు.

ఆ మర్నాడే కుండలో చెయ్యి పెట్టించింది నా చేత. కళ్ళతో కాదు, వాసన చూసి తెలుసుకోమంది. నేను కాచిన మొదటి కుండ తుప్పునీళ్ళయింది. అత్తగారు, అంటే వాళ్ళమ్మ, గడప మీద కూర్చుని నవ్వింది. మా ఆవిడకి ఆ పని నేర్పింది ఆవిడే. రెండో కుండ ఫరవాలేదన్నారు తల్లీకూతుళ్ళు. గోళ్ళు నల్లబడ్డాయి. వాటిని చూసుకుంటే కాస్త గర్వంగానూ ఉండేది, వెళ్ళిపోయే రోజు దగ్గరపడుతోందని దిగులుగానూ ఉండేది.

కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే బడి మేష్టారి చేత అర్థం చెప్పించుకుని ఇంటికి పరిగెత్తాను. ఆవిడ పెరట్లో కుండ కలుపుతోంది, అత్తగారు గడప మీద ఉంది. ఏం రాశారో చెప్పమంది.

"ఈ నలుపు కాచే పని ఇతనికి తప్ప మరెవరికీ రాదు" అని చెప్పాను.

ఆవిడ కలపడం ఆపి నా వైపు చూసింది. నాకు సిగ్గేసింది.

"మళ్ళీ చెప్పండి, గట్టిగా" అంది, నవ్వాపుకుంటూ. "మా అమ్మకి వినపళ్ళేదు."