నా 'పర్లేదు'కి ఎన్ని మార్కులు?

పిల్లలూ, ఒక ప్రశ్న. నూటికి నూరు వస్తే మీ టీచరు పుస్తకంలో ఏం రాస్తుంది? 'ఎక్సలెంట్', అవునా? నేను టీచరుగా ఉన్న ముప్ఫై ఏళ్ళూ 'పర్వాలేదు' అనే రాశాను. అంతకు మించి మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మా అమ్మ నేర్పిన అలవాటు. మొన్న అదే అలవాటు సత్యవతి కొంప ముంచబోయింది!

సత్యవతి తెలుసుగా, మన వీధి చివర ఉంటుంది, వంటలు చేస్తుంది. ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది. ఇన్నాళ్ళూ ఇరవైమందికో ముప్ఫైమందికో వండేది. మొదటిసారి టెక్కలి వాళ్ళు మూడొందలమంది పెళ్ళివిందుకి అడిగారు. "నా వంట ఎలాగుంటాదో మా టీచరమ్మని అడగండి" అని నా నంబరిచ్చింది.

ఫోనొచ్చింది. పెళ్ళికూతురి మేనత్తట.

"సత్యవతి వంట ఎలాగుంటాదమ్మా?"

"పర్లేదమ్మా" అన్నాను, నిండు మనసుతో.

"అంటే... ఇంకోల్ని సూసుకోమంటారేటి?"

"అయ్యో, కాదు! అద్భుతం! అమోఘం! అలాంటి చెయ్యి జిల్లా మొత్తంలో లేదు!"

"ఆవిడ మీకేటవుతాది?" అంది మేనత్త, అనుమానంగా.

చూశారా తమాషా! తక్కువ చెబితే సత్యవతి మీద నమ్మకం పోయింది, ఎక్కువ చెబితే నా మీద పోయింది. ఈ రెంటికీ మధ్య సరిపడే మాట ఏదా అని వెతికాను. ఇంత తెలుగు చెప్పినదాన్ని, ఒక్కటీ తట్టలేదు! ఇక సిగ్గు విడిచి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"అమ్మా, మొన్న వంజరం చేపల పులుసు పంపింది. నాకు బీపీ. ఉప్పూకారం తగ్గించమన్నాడు డాక్టరు. అయినా గిన్నెడు పులుసూ తిన్నాను. ఆఖర్న వేలితో గిన్నె నాకాను. నేను రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ని."

ఆవిడ పడీపడీ నవ్వింది. "అలగైతే ఆవిడికే సెప్పేత్తాం!"

సాయంత్రం సత్యవతి మళ్ళీ పులుసు తెచ్చింది. ఎదురుగా కూర్చుని, నేను రెండు ముద్దలు తిన్నాక "ఎలాగున్నాది టీచరమ్మా?" అంది. ఇంత పాఠం నేర్చుకున్నాను కదా, ఏమనుంటాను?

"పర్లేదు."

"అద్గదీ! నూటికి నూరు!" అని చప్పట్లు కొట్టింది.

ఏటే బుజ్జీ, ఆ నవ్వు? బీపీతో పులుసు తిన్న సంగతి మీ అమ్మకి చెప్పావో, చూడు! లేవండి, సత్యవతి గిన్నె ఇంకా తోమి పంపాలి. తోమడానికి అందులో పెద్దగా ఏమీ లేదులెండి.