పరీక్షలో దొరికిన మామ

నేను చెప్పబోయే ఘోరంలో ఎవరి ప్రాణమూ పోలేదు. పోయింది నా పరువొక్కటే. అది కూడా ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు వేలాడదీసుకుని, పెళ్లికి వెళ్లినంత దర్జాగా పోయింది.

అప్పుడు సూరత్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదువుతున్నాను. డాక్టరు వచ్చేలోపు రోగిని అడిగి, చూసి, సంగతంతా కూడదీసి ఆయన ముందు పెట్టే ఉద్యోగానికి చదువు అది. మా నాన్న గోడాదరాలో సాంచలు నడుపుతాడు, అంటే మర మగ్గాలు. ఎన్నిసార్లు వివరించినా ఆయన "అంటే సగం డాక్టరన్నట్టు" అనేవాడు. నేను కాదనేవాణ్ణి కాదు. సగం అన్నందుకు మాత్రం కొంచెం నొచ్చుకునేవాణ్ణి.

మాకు పాఠం చెప్పే మేడం గుజరాతీ ఆవిడ. రోగిని అడగడానికి ఒక పద్ధతి ఉందని రోజూ నూరిపోసేది. ముందు బాధ ఏమిటో అడగాలి. ఎక్కడ, ఎటు పాకుతుంది, ఏం తింటే ఎక్కువవుతుంది. ఆ తర్వాత పాత జబ్బులు, ఆపరేషన్లు, అలవాట్లు, ఇంట్లోవాళ్ల రోగాలు. చివరికి చెయ్యి వేసి పరీక్షించడం. ఇదంతా చెప్పి, రోగితో కాస్త చనువుగా ఉండండి అని ఒక మాట కలిపేది. పాఠం మొత్తంలో నా చెవికెక్కింది ఆ ఒక్క మాటే. ఎందుకంటే చనువులో నన్ను మించినవాడు ఆ క్లాసులో లేడు.

ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కో రోగిని అప్పగిస్తారు. ఇరవై నిమిషాలు మాట్లాడి, బయటినుంచి వచ్చిన పరీక్షకుడికి అంతా ఒప్పజెప్పాలి. గట్టెక్కితే ఇంటర్న్‌షిప్. తప్పితే తోటివాళ్లంతా వార్డుల్లో తిరుగుతుంటే మనం మళ్లీ బెంచీ మీద. హర్ష్ అని నా పక్కన కూర్చునేవాడు ఆ రోజు పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగుతూనే ఉన్నాడు. నాకు తెలుగు రోగి పడితే మార్కులు జేబులో ఉన్నట్టే అని వాడి భుజం తట్టాను.

దేవుడు నా మాట విన్నాడు. అప్పుడప్పుడు ఆయన ఇలాగే పగ తీర్చుకుంటాడు.

మంచం మీద యాభై దాటిన పెద్దమనిషి, లింగయ్య. అమ్రోలిలో ఉంటాడు, సాంచల పని. కుడిచెయ్యి డొక్కకింద ఆనించి కాస్త వంగి కూర్చున్నాడు. పెద్దరికం ఉన్న మనుషులు అలాగే కూర్చుంటారు కాబోలు అనుకున్నాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. సూరత్‌లో మగ్గాల పనికొచ్చిన మా తెలుగువాళ్లు ఇద్దరు ఎదురుపడితే ముందు ఊరడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత వరస. వరస తేలేదాకా ఇద్దరికీ ఊపిరాడదు. తేలాక ఇక పని జరగదు.

"ఏ ఊరు కాకా మీది?" అన్నాను.

ఆయన వేములవాడ దిక్కు ఒక పల్లె పేరు చెప్పాడు. అది మా అమ్మ పుట్టిన ఊరు. ఆ మాట అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మా తాత పేరు అడిగాడు, ఇల్లు ఎటుపక్కదో అడిగాడు, వేళ్ల మీద ఏవో లెక్కలు వేశాడు.

"ఇగ కాకా ఏంది, నేను నీకు మామనైత. నువ్వు నాకు అల్లునివి."

"అట్లనా మామా."

"పెండ్లి గిట్ల అయిందా?"

కాలేదన్నాను. ఆయన జర ముందుకు జరిగాడు. తన బిడ్డ బీకాం చదువుతున్నదని చెప్పాడు. నేను జుట్టు సరిచేసుకున్నాను.

అక్కడినుంచి పగ్గాలు ఆయన చేతికి వెళ్లాయి. వయసు అడిగాడు, ఇరవై రెండన్నాను. మా నాన్న ఆరోగ్యం అడిగాడు, షుగరుందన్నాను. అమ్మకు బీపీ అన్నాను. నాకేమైనా ఆపరేషన్ అయిందా అంటే, చిన్నప్పుడు అపెండిక్స్ తీశారని కోటెత్తి మచ్చ చూపించాను. ఆయన వంగి చూసి బాగానే మానిందన్నాడు. గుట్కా నములుతావా, బీడీ తాగుతావా అన్నాడు. లేదని నిజమే చెప్పాను. మందు సంగతి అడిగేసరికి, కాబోయే మామ దగ్గర అబద్ధమెందుకని, దోస్తులతో, మద్యనిషేధం లేని డామన్ పోయినప్పుడు ఒకసారి బీరు తాగానని ఒప్పుకున్నాను. నా దండచెయ్యి పట్టుకుని నొక్కి చూసి, తిండి సరిగ్గా తింటలేవని తేల్చాడు.

మధ్యలో ఒకసారి ఆయన "పొట్టల జర..." అని మొదలుపెట్టాడు.

"గది తర్వాత చూద్దాం మామా. మీ బిడ్డది ఏ కాలేజీ?" అన్నాను.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఇక్కడ పెడతానన్నవాణ్ణి ఎదురుగా పెట్టుకుని, ఆకు మడిచేసి లేచినవాణ్ణి నేను.

పరీక్షకుడు వచ్చాడు. వెనకాలే మేడం. రోగికి ఏం బాధ అని హిందీలో అడిగాడాయన. వీళ్లది మా అమ్మ ఊరే సార్, చాలా మంచి కుటుంబం అన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నా అవస్థ చూడలేక మా మామ అందుకున్నాడు. అల్లుణ్ణి కాపాడుకోవాలి కదా. సూరత్‌లో ముప్పై ఏళ్లుగా అరగదీసిన హిందీలో, తడుముకోకుండా చెప్పుకుపోయాడు. "కుర్రాడికి ఇరవై రెండేళ్లు. తండ్రికి షుగరు, తల్లికి బీపీ. అపెండిక్స్ ఆపరేషన్ అయింది, మచ్చ నేను చూశాను. గుట్కా లేదు, బీడీ లేదు, డామన్‌లో ఒక బీరు. చెయ్యి పట్టి చూశాను, బలం తక్కువుంది సాబ్."

మేడం కిటికీ బయట ఏదో ఉన్నట్టు అటు చూస్తూ ఉండిపోయింది. పరీక్షకుడు మాత్రం చాలా సేపు తలాడించాడు.

"ఇంత పద్ధతిగా చెప్పినవాళ్లు ఈ రోజు ఇంకొకరు లేరు. ఈయన్ని పాస్ చెయ్యొచ్చు" అని మేడంతో అని, నా పేరు ముందు పెన్నుతో ఒక అడ్డగీత గీశాడు.

వాళ్లు వెళ్లాక అప్పుడడిగాను, నొప్పి ఎక్కడ మామా అని. నూనె ఓడే భజియాలు తిన్నప్పుడల్లా కుడి డొక్కలో పుట్టి భుజానికి ఎక్కుతుందన్నాడు. పిత్తాశయంలో రాళ్లు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన జవాబు. పరుగెత్తి వార్డు డాక్టరుకు చెప్పి, స్కానింగ్ రాయించి, కాస్త తలెత్తుకుని తిరిగొచ్చాను. మార్కులు పోతే పోయాయి, ఇంకొకటి మిగిలింది కదా అనుకున్నాను.

"మామా, మా అమ్మను మీ ఇంటికి పంపనా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. కోపం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"వద్దు బిడ్డా. పొట్ట పట్టుకొని నీ ముంగట గంత సేపు కూసున్న. నాకేమైతుందో నువ్వు చూడకపోతివి. నా బిడ్డ నోరు తెరిచి తన బాధ చెప్పుకునే రకం గాదు."

అల్లుడా అనలేదు, గమనించారా. బిడ్డా అన్నాడు. వరస తెగిపోయింది.

ఆయన రాళ్లు తీశారు, బాగున్నాడు. పిల్లకు మంచి సంబంధం కుదిరింది. హర్ష్ వార్డుల్లో తిరిగాడు, నేను బెంచీ మీద కూర్చుని మొదటి ప్రశ్న ఏమిటో మళ్లీ నేర్చుకున్నాను. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను, బాగానే చేస్తానని పేరు కూడా ఉంది.

కనుక స్టెతస్కోపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా సొంత మేనమామనే స్ట్రెచర్ మీద తెచ్చినా, నొప్పి ఎక్కడో తేలేదాకా ఆయనెవరో నాకు తెలియదు. ఊరు, ఇంటిపేరు, వరస అన్నీ డిశ్చార్జి తర్వాతే. పెళ్లికెదిగిన కూతురున్న మామైతే, ఆయన ఆటో ఎక్కి కూర్చున్నాక.