బొట్టు పెట్టిన గాజు పలక

ఆ పోటీలో ఏం జరిగిందో ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. మాచర్లలో మా జట్టుకు గైడ్‌గా ఉన్న సారు అడగలేదు, జట్టు కెప్టెన్ సరేసరి. అడక్కపోయినా చెబుతాను.

మేం ఇంటర్‌లో ఉండగా నరసరావుపేటలో పర్యావరణ ప్రాజెక్టుల పోటీ పెట్టారు. నాపరాళ్ల క్వారీ లారీలు లేపే దుమ్ము ఇళ్లలోకి ఎంత వస్తోందో చూపించడం మా ప్రాజెక్టు. దుమ్ము అంటుకోవడానికి గాజు పలకలకు ఆముదం రాసి మా వీధి గుమ్మాలకు కట్టాం. వారం పోయాక చూస్తే అన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్కోదానికి పసుపు, కుంకుమ.

"గుమ్మానికి కట్టింది జిడ్డోడుతుంటే శుక్రవారం పూట ఎట్టా వదిలేస్తామురా? తుడిచి బొట్టు పెట్టా" అంది ఎదురింటి పిన్ని. "దిష్టికి కట్టారనుకున్నా. చానా బాగుందిలే."

ప్రాజెక్టు మార్చేద్దామని కెప్టెన్ తల పట్టుకున్నాడు. అప్పుడు నేనే చెప్పాను: "గుమ్మానికి ఉత్త పలక ఉంచుదాం, బొట్టు దానికి పెట్టుకుంటారు. ఆముదం రాసింది చూరు కింద, చెయ్యి అందనిచోట కడదాం."

సారు నా వీపు తట్టి, "ఒరేయ్, బుర్రంటే నీదిరా" అన్నారు. అందరూ విన్నారు.

ఈసారి చూరు కింది పలకలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

నరసరావుపేట వేదిక మీద కెప్టెన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడుముకోని ఇంగ్లీషులో పిన్ని సంగతి చెప్పాడు. హాలంతా నవ్వింది. ఆ గొంతు నాకెందుకు లేదని కడుపు మండిపోయింది.

"రెండో పలక ఆలోచన ఎవరిది?" అని జడ్జి అడిగారు.

"నాదే సార్" అన్నాడు కెప్టెన్.

నేను లేచాను. ముందు వరుసలోంచి సారు వెనక్కి తిరిగి, కూర్చోమని చెయ్యి ఊపారు. మాకే మొదటి బహుమతి వచ్చింది. బయటికొచ్చాక సారు, "టీమ్ అన్నాక ఎవరి పేరు చెబితే ఏందిరా" అన్నారు. ఎవరిదైనా ఒకటే అయితే నాదే చెప్పొచ్చుగా?

ఈ ఏడు అదే పోటీకి కెప్టెన్ జడ్జిగా వస్తున్నాడు. సారు మా వాట్సాప్ గ్రూపులో వాడి ఫొటో పెట్టి, "రెండు పలకల ఆలోచన చేసిన మన కుర్రాడు" అని రాశారు. కోటులో వాడు బాగానే ఉన్నాడు. నాకు అన్నం సహించలేదు. "ఆ ఆలోచన ఎవరిది సార్?" అని కింద అడిగాను. నీలం టిక్కులు పడ్డాయి. మళ్లీ అడిగితే శుభోదయం పూలబొమ్మ వచ్చింది.

సార్, పోటీ రోజు నేనూ వస్తున్నాను. ముందు వరుసలోనే కూర్చుంటాను. ఈసారి చెయ్యి ఊపొద్దు. వాడి ఎదురుగా, మైకులో చెప్పండి: ఆ ఆలోచన ఎవరిది?