చెవి తెగిన తవెరెత్

నైలు పడమటి గట్టున రాళ్లు చెక్కే కెన్నకు తన పనితనం మీద ఉన్నంత గర్వం ఫరోకు కిరీటం మీద కూడా ఉండదేమో. నలభై ఏళ్లుగా అతను చెక్కేది ఒక్క బొమ్మే. నీటిగుర్రం తల, నిండు చూలాలి పొట్ట ఉన్న తవెరెత్ తల్లి, కాన్పులు కాచే దేవత. బొటనవేలంత ఎర్రరాయిలో ఆమెను తెచ్చి నిలబెడతాడు. కడుపుతో ఉన్నవాళ్లు దాన్ని దారానికి గుచ్చి మెళ్లో కట్టుకుంటే కాన్పయి బిడ్డ నడిచేదాకా తీయరు. ఇసుమంత పెచ్చు లేచినా అమ్మడు మహానుభావుడు.

"లోపమున్న బొమ్మలోకి అమ్మ రాదు. గోడ కూలిన ఇంట్లో నువ్వుంటావా?" అని కొనేవాళ్లకే ఎదురు పాఠం చెబుతాడు.

అలాంటివాడికి సొంత కూతురు వెర్నూకు నెలలు నిండుతుంటే కాలూ చెయ్యీ ఆడలేదు. ఆమెకు అంతకుముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. ఈసారైనా దక్కాలంటే వంక పెట్టలేని బొమ్మ కావాలని పట్టుబట్టాడు. ఒకదానికి ముక్కు వంకరన్నాడు, ఇంకోదానికి రాయిలో చార ఉందన్నాడు. నాలుగు చెక్కి నాలుగూ పారేశాడు.

"నా బిడ్డ పెళ్లినాటికైనా ఇస్తావా నాన్నా?" అంది వెర్నూ.

"నోర్ముయ్. తొందరపెడితే రాయి మాట వినదు."

ఐదోది కుదిరింది. దారానికి కన్నం వేయడమే మిగిలింది. బరమా తిప్పుతుండగా లోపల వెర్నూ కేక పెట్టింది. పది రోజుల ముందే నొప్పులొచ్చాయి. కెన్న చేతిలో బరమా జారింది. కన్నమైతే పడింది గానీ, బొమ్మ కుడిచెవి టప్పున ఎగిరిపోయింది. ముసలాడు గుమ్మంలో కూలబడి భోరుమన్నాడు.

మంత్రసాని బకెత్ బయటికొచ్చి చెయ్యి చాచింది.

"ఇటివ్వు అన్నా."

"చెవి పోయిందే. ఇక పనికిరాదు."

"పనికిరాదా? నువ్వు పెంటమీద పారేసినవి ఏరి, ఇరవై ఏళ్లుగా లేనివాళ్ల మెళ్లో కడుతున్నాను. నీ గుమ్మం ముందు గోల చేస్తున్నారని నువ్వు తిట్టే పిల్లల్లో సగంమంది వాటి చలవే."

కెన్న బొమ్మను ఇచ్చేశాడు. పొద్దు వాలేలోపు లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

అయినా పాడు బుద్ధి ఊరుకుంటుందా? వారం తిరక్కుండా నిక్షేపంలాంటి తవెరెత్‌ను చెక్కి కూతురి దగ్గరికి పట్టుకొచ్చాడు.

"ఆ విరిగింది తీసేసి ఇది కట్టుకోమ్మా."

వెర్నూ మెళ్లోని బొమ్మను పిడికిట్లో దాచుకుంది.

"తీయను నాన్నా. ముందు రెండు కాన్పులప్పుడూ నా మెళ్లో ఉన్నవి నువ్వు ఏ వంకా లేదన్నవే కదా."

కెన్న లేచి, ఆ కొత్త బొమ్మను బకెత్ ఇంటికి తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

"లేనివాళ్లెవరికైనా కట్టు. ఇది కూడా పనిచేస్తుందేమో చూడు."