ఆర్లిస్ వదిన అమ్మనన్న తుపాకి

మా ఆర్లిస్ వదిన దగ్గర తుపాకి కొనడం పిల్లనడగడానికి వెళ్లడంతో సమానం. ఎక్కడ కూర్చుంటావు, ఎంత దూరం చూస్తావు, పోయినేడు ఏం వెలగబెట్టావు, అన్నీ ఆరా తీసి గానీ బీరువా తాళం తియ్యదు. స్ప్రూస్ ఫోర్క్‌లోని ఇనుప సామాన్ల కొట్లో మేకులు, రంగు డబ్బాలు, పాల యంత్రాల గొట్టాలు దాటి వెళ్తే వెనక గోడంతా రైఫిళ్లే. ఆ గోడ ముందు ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడే నిలబడుతోంది. మనిషి పొట్టి. కళ్లజోడు తాడుకి వేలాడుతుంటుంది, జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిలుంటుంది. దాన్ని కొట్టంతా వెతుక్కుంటూ ఉంటుంది.

మా ఉత్తర విస్కాన్సిన్‌లో నవంబరు వేట తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల కోసం మిగతా ఏడాదంతా మగాళ్లు వాదించుకునేది ఒక్క దాని గురించే, ఏ క్యాలిబర్ మంచిదని. గుండు ఎంత లావు, వెనక మందు ఎంత, ఎంత దూరం పోతుంది? ఈ విషయం మీద పదిహేనేళ్లుగా మాట్లాడుకోని మేనమామా మేనల్లుళ్లు మా చర్చిలోనే ఉన్నారు. వదిన మాత్రం ఈ వాదనల్లోకి దిగదు. అవతలివాణ్ణి మాట్లాడనిస్తుంది, ఆ తర్వాత వాడి గాలి తీసేస్తుంది.

ఒకసారి మిల్వాకీ నుంచి పళ్ల డాక్టరొకాయన వచ్చాడు. నేను అక్కడే నిలబడి ఊరికే కాఫీ తాగుతున్నాను.

"మీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా పెద్దది ఇవ్వండి" అన్నాడు.

"ఎక్కడ కూర్చుంటారండీ?"

"మా మావగారి స్థలంలో. చిత్తడి నేల అంచున."

"అక్కణ్ణుంచి ఎంత దూరం కనబడుద్ది?"

"డెబ్బై గజాలు. ఆకు రాలితే ఎనభై."

"మరి అరమైలు పోయే గుండు ఎవరికోసం? పక్క రాష్ట్రంలో జింకలక్కూడా మీరే కావాలా?"

పాపం, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు వదిన కాస్త మెత్తబడింది. "జింకని చంపేది గుండు లావు కాదండీ, అది తగిలే చోటు. మీరు జంకకుండా పేల్చగలిగిన దాన్ని పట్టుకెళ్లండి. అంతకు మించింది మీ బావమరిదికి చూపించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

ఆయన మధ్యస్థంగా ఉన్న రైఫిలొకటి పట్టుకెళ్లాడు. డిసెంబరులో వదినకి జింక మాంసం సాసేజి పంపించాడు. అలా ఊరందరికీ బుద్ధి చెప్పిన మనిషి ఇంట్లోవాడికి మాత్రం చెప్పలేదు. ఆ ఇంట్లోవాణ్ణి నేనే.

నా పేరు వెన్సెల్ సెడ్లాక్. ఆర్లిస్ మా అన్న ఎమిల్ భార్య. ముప్పై మూడేళ్లు పాల ట్యాంకరు నడిపి రిటైరయ్యాను. కోపం నాకు ముక్కు మీదుంటుంది, దాచుకోను. పదహారేళ్ల క్రితం, వదినని అడక్కుండా, వేరే ఊరు పోయి మరీ త్రీ హండ్రెడ్ మాగ్నమ్ కొనుక్కొచ్చాను. పేలిస్తే భుజం పట్టేసేది. ఆ నొప్పి చూసి మనమూ మగాళ్లమేరా అనుకునేవాణ్ణి. మా వేట గుడిసెలో అంత పెద్ద తుపాకి ఇంకెవడి దగ్గరా లేదు.

పోయిన నవంబరులో ఆ తుపాకితోనే ఒక మగజింకని కొట్టాను. కొట్టాననడం కూడా తప్పే. అరవై గజాల్లో అడ్డంగా నిలబడి ఉంది. పేల్చాను. అది వీపు గూనిలా వంచి, నడుస్తున్నట్టే చిత్తడిలోకి వెళ్లిపోయింది. వీపలా వంచిందంటే కడుపులో తగిలినట్టు. రెండు రోజులు మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలో నేనూ మా అన్నా వదినా దాని నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. మూడో రోజు మంచు పడింది. ఇక చుక్కలూ లేవు, జింకా లేదు.

మా గుడిసెలో గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గోడకి మేకు కొడతారు. నవ్వుకుంటారు, వాడికో గ్లాసు బ్రాందీ పోస్తారు, అంతటితో అయిపోతుంది. ఆ సాయంత్రం నా చొక్కా జోలికి ఎవరూ రాలేదు. పేకాటలో కూడా నాతో మర్యాదగా మాట్లాడారు. తిట్టినా బాగుండేది. ఆ జింక ఎక్కడో తుప్పల్లో ఎన్ని గంటలు బతికి ఉంటుందో అని నాకు అన్నం దిగలేదు. ఇంటికెళ్లేటప్పుడు దారిలో అన్నకి చెప్పాను, "ఇంకొక్కసారి ఇట్లా అయితే తుపాకి అటకెక్కించేస్తాను. మళ్లీ ముట్టుకోను." ఏదో బాధలో అన్న మాట కాదది. మా నాన్నతో మొదలుపెట్టిన వేట ఒక్క తప్పుతో నా చేతుల్లోనే ముగిసిపోయేలా ఉంది.

మరి బుద్ధి వచ్చిందా? రాలేదు. పెద్ద తుపాకితో కొట్టి జింకని పోగొట్టుకున్నవాడు ఏం చేస్తాడు? ఇంకా పెద్ద తుపాకి కొంటాడు. మా ఊళ్లో మగాళ్ల తెలివి అంత మాత్రమే. సెప్టెంబరులో కొట్టుకి వెళ్లి త్రీ థర్టీ ఎయిట్ చూపించమన్నాను. దానితో గుర్రమంతేసి దుప్పుల్ని, ఎలుగుల్ని కొడతారు.

"ఇవ్వను" అంది వదిన.

"ఇవ్వకపోవడమేంటి? అమ్మడానికే కదా పెట్టావు?"

"నీకివ్వను."

"పోయినేడు గుండు చాల్లేదు వదినా. సరైన దెబ్బ పడుంటే అక్కడే కూలేది."

"నిజమే, సరైన దెబ్బ పడితే కూలేదే. ఆదివారం మనం గురి చూసుకునే కంకర గుంట దగ్గరకి రా మరిదీ. నీ మాగ్నమ్ తీసుకురా. అక్కడ కూడా ఇదే మాటంటే, నేనే చేత్తో తీసిస్తాను."

కొట్లో నలుగురున్నారు. పెయింటు కలిపే కుర్రాడు కూడా చెయ్యాపి చూస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా వెళ్లాను. వెళ్లకపోతే భయపడ్డానంటారు.

ఆదివారం చర్చి అయ్యాక గుంట దగ్గర బల్ల వేసి, ఇసుక సంచి మీద రైఫిలు ఆనించి కూర్చున్నాను. వదిన నా పక్కన నిలబడింది. "తూటా నేనే పెడతాను, నువ్వు పేల్చడమే" అంది. మొదటిది పెట్టింది, పేల్చాను. రెండోది పెట్టింది, పేల్చాను. మూడోది పెట్టి బోల్టు మూసింది. నొక్కాను. టిక్కుమంది. అంతే, పేలలేదు.

పేలకపోయినా నా తుపాకి గొట్టం మాత్రం జానెడు కిందికి వంగింది. భుజం ముందుకు తోసుకుంది. మెడ నరాలు బిగిసిపోయాయి. అన్నిటికన్నా ఘోరం, నా కళ్లు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. అద్దంలో చూసుకుంటే మరో మనిషి కనబడితే ఎట్లా ఉంటుందో, నాకు నేను అట్లా కనబడ్డాను.

వదిన బోల్టు లాగి, ఆ ఉత్తి తూటాని బయటికి తీసింది. లోపల మందు లేదు. బరువు మాత్రం అసలుదానంతే. దాన్ని నా కోటు జేబులో వేసి అంది, "భుజానికి దెబ్బ తగలకముందే నువ్వు దానికి భయపడుతున్నావు. పోయినేడు ఆ జింకని చూస్తూ కొట్టలేదు నువ్వు."

నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆదివారం అనకూడని మాటలవి. ట్రక్కెక్కి వచ్చేశాను. మూడు వారాలు అన్న ఇంటి గడప తొక్కలేదు.

కానీ ఆ ఉత్తి తూటా జేబులోనే ఉంది. ఒక మధ్యాహ్నం పశువుల కొట్టం వెనక, నాలుగు అసలు తూటాలూ అదీ కలిపి టోపీలో వేసి, చూడకుండా ఒక్కోటీ తీసి పెట్టుకుని పేల్చాను. అదొచ్చిన ప్రతిసారీ గొట్టం వంగింది, కళ్లు మూసుకున్నాయి. మూడు సార్లు చూశాను. నాలుగోసారి చూసే ధైర్యం లేక నేరుగా కొట్టుకి వెళ్లాను.

"ఏం కొనమంటావు?" అన్నాను, మొహం తలుపు వైపు పెట్టి.

వదిన బీరువా తీసి టూ ఫార్టీ త్రీ బల్ల మీద పెట్టింది. సన్న గొట్టం, వేలెడు గుండు. మా వైపు పదేళ్ల పిల్లలకి కొనిచ్చే తుపాకి అది.

"నన్ను ఊరంతా చూసి నవ్వాలనే కదా ఇది?"

"నవ్వనీ. నువ్వు కూర్చునే చోటు అరవై గజాలు. జింక అడ్డంగా నిలబడితేనే కొట్టు, ఎదురుగా ఉంటే వదిలెయ్. అంత మాత్రానికి ఇది చాలు, మిగులుద్ది కూడా. నీ కళ్లు తెరిచి ఉంచే క్యాలిబర్ ఇదే మరిదీ. నీకు సరిపోయే లెక్క అదొక్కటే."

అక్టోబరు అంతా ఆదివారాలు గుంట దగ్గరే గడిచాయి. తూటాల్లో ఉత్తిది ఎప్పుడు పెడుతుందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. మొదట్లో గొట్టం వంగుతూనే ఉంది. నాలుగో వారానికి టిక్కుమన్నా అది కదల్లేదు. ఆవిడ పొగడలేదు. "ఊఁ, ఇంకోటి" అంది, అంతే.

వేట ముందురోజు గుడిసెలో నా కొత్త తుపాకి చూసి మా అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏరా, దీనికి పాల సీసా కూడా ఇచ్చారా?" అన్నాడు. సాసేజి తిని పడుకున్నాను.

రాత్రి పలచగా మంచు పడింది. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఒక మగజింక చిత్తడి అంచున బయటికొచ్చింది. ఎనిమిది మొనల కొమ్ములు. ఎదురుగా నిలబడింది. ఆగాను. నా గుండె చొక్కాలో కొట్టుకుంటోంది. అది పక్కకి తిరిగి, తల వంచి ఆకేదో కొరికింది. అప్పుడు పేల్చాను.

జింక ఒక్క ఎగురు ఎగిరి చిత్తడిలోకి పరుగెత్తింది. కొమ్మలు విరిగిన చప్పుడయ్యింది, తర్వాత ఏమీ లేదు.

నాకు ఒళ్లంతా చల్లబడిపోయింది. మళ్లీ అదే చిత్తడి. మళ్లీ కనబడకుండా పోయిన జింక. చెట్టు కింద కూలబడి ఇంతటితో సరి అనుకున్నాను. కొంతసేపటికి పక్క గట్టు మీద కూర్చున్న వదిన, నా తుపాకి చప్పుడు విని, నారింజ కోటులో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది.

"పారిపోయింది వదినా" అన్నాను. "మళ్లీ అదే అయ్యింది. చిన్న గుండు కదా."

ఆవిడ చిత్తడి వైపు కూడా చూడలేదు. నన్నే చూసింది. "పేలినప్పుడు ఏం కనబడింది నీకు?"

"ఏం కనబడుద్ది? జింకే."

"అట్లా కాదు. తుపాకి మీది గురి అద్దంలో గీతలు ఎక్కడున్నాయి?"

ఆలోచించాను. ఆలోచించాల్సిన పనే లేకపోయింది, కళ్ల ముందే ఉంది. "ముందు కాలి వెనక. ఆ కాలి కీలుకి పైన బెత్తెడు. అక్కడ వెంట్రుకలు లేచాయి. దాని నోట్లో ఆకు ఇంకా ఉంది."

"ఆకు కూడా చూశావా?"

"చూశాను."

"అయితే చచ్చిపోయింది" అంది వదిన. తడి దుంగ మీద కోటు అంచు వేసుకుని కూర్చుంది, ఫ్లాస్కు మూత తీసింది. "ఊపిరితిత్తుల్లో తగిలినా కొన్ని జింకలు అరవై అడుగులు పరుగెత్తుతాయి. అరగంట ఆగి వెళ్దాం. కాఫీ తాగు."

అరగంట. నాకది అరరోజు. ఆవిడ మాత్రం కొట్లో సరుకు రాలేదని, అన్న మోకాలి నొప్పి గురించి, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

లేచాక నన్నే ముందు నడవమంది. నెత్తురు దారి వెతకాల్సిన పని లేకపోయింది, మంచు మీద ఎర్రగా పరుచుకుని ఉంది. అరవై అడుగుల్లో ఒక దేవదారు మొదట్లో జింక పక్కకి ఒరిగి ఉంది. పడ్డాక కాలు కూడా కదిపినట్టు లేదు, చుట్టూ మంచు చెదరలేదు. టోపీ తీసి దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. రానిచ్చాను.

కడుపు చీల్చి శుభ్రం చేస్తూ, తలెత్తకుండానే అడిగాను, "నేను కళ్లు మూసుకుంటానని నీకెప్పుడు తెలిసింది?"

అన్నిటికీ టక్కున బదులిచ్చే మనిషి, ముందు జింక కొమ్ములకి తాడు చుట్టింది.

"నువ్వా మాగ్నమ్ కొన్న ఏడే" అంది. "గుంట దగ్గర చూశాను."

"పదహారేళ్లా! మరి చెప్పలేదేం?"

"ఊళ్లో ముక్కూ మొహం తెలీనోళ్లకి చెప్పాను. నీకు చెప్పలేకపోయాను. నీ కోపం తెలుసుగా. అన్నదమ్ములు మాట్లాడుకోడం మానేస్తారేమోనని భయపడ్డాను." చేతిలో తాడు ముడి వేస్తూ, విప్పుతూ ఉంది. "పోయినేడు ఆ జింక చచ్చిన చావుకి నువ్వొక్కడివే కారణం కాదు మరిదీ. సగం నేను."

నాకు కోపం రావాలి. పదహారేళ్ల కోపం. ఎక్కణ్ణుంచైనా వస్తుందేమోనని ఒక క్షణం చూశాను కూడా. రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరికీ జంకని మనిషి ఒక్క నాకు జంకిందంటే, ఆ జంకు పుట్టించింది నేనే కదా.

"ఆ కొమ్ము నువ్వు పట్టుకో వదినా" అన్నాను. "ఇది నేను పట్టుకుంటాను."

చెరో వైపు పట్టుకుని, గుడిసె దాకా లాక్కెళ్లాం.