రెండో దిక్కు ముందు

మా ఇంట్లో టేకుతో చేసిన ఒక పెద్ద పెట్టె ఉంది. దాని తలుపులు తెరిస్తే ఇప్పటికీ కందిపప్పు వాసన వస్తుంది. పప్పు డబ్బాలు అందులోంచి తీసేసి చాలా ఏళ్లయింది, అయినా చెక్క ఆ వాసనను వదల్లేదు. మొన్న వార్నిష్ వేయడానికి వచ్చిన వడ్రంగి తలుపు తీసి, ముక్కు ఎగబీల్చి, "సార్, ఇది వంటింటి బీరువానా?" అన్నాడు. "కాదు, రేడియోగ్రామ్" అన్నాను, కొంచెం గట్టిగానే. రేడియో, రికార్డుల మిషను రెండూ ఒకే పెట్టెలో ఉండే ఆ సామాను అతడు పుట్టకముందే బజార్ల నుంచి పోయింది. లోపల మిషను లేదు కాబట్టి చూపించడానికీ ఏమీ లేకపోయింది. అతడు పని చేసి వెళ్లిపోయాక తలుపు మళ్లీ తెరిచి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ వాసన నాకు వంటింటిని కాక, కొమురయ్య మాస్టర్‌ను గుర్తుకు తెస్తుంది.

వర్ధన్నపేట అవతల మా తాతగారికి గడి ఉండేది. రెండంతస్తుల ఇల్లు, ఏనుగు పట్టేంత దర్వాజా. నేను పదో తరగతి దాటేసరికి భూములు పోయాయి, కోర్టుల్లో మా వాదన పోయింది, చివరికి గడి కూడా పోయింది. మా నాన్న పోయాక అమ్మా నేనూ వరంగల్‌లో మూడు గదుల అద్దె ఇంట్లో చేరాం. గడి నుంచి మాతో వచ్చిన పెద్ద సామాను ఆ రేడియోగ్రామ్ ఒక్కటే. అప్పటికే దాని మిషను చెడిపోయి ఉంది. విప్పిన భాగాలకు జోడు దొరకలేదు, లోపలిదంతా పాత ఇనుముకు పోయింది. మిగిలిన పెట్టెలో అమ్మ పప్పు డబ్బాలు పెట్టుకుంది. తలుపులు మూస్తే మాత్రం అది గడిలో ఉన్నట్టే ఉండేది. ఇంటికి ఎవరు వచ్చినా తలుపులు మూసి ఉండేలా చూసుకోవడం నా పని. ఆ పని నేను ఎన్నడూ మరిచిపోలేదు.

ఎనభైల మొదట్లో జంపఖానాలు నేసేవాళ్ల సంఘంలో నాకు గుమస్తా ఉద్యోగం దొరికింది. కాలర్ గుండీ దాకా పెట్టుకుని, ఇస్త్రీ మడత చెడకుండా వెళ్లేవాణ్ణి. నేతగాళ్లతో కలిసి చాయ్ తాగేవాణ్ణి కాదు. మొదటి వారంలోనే వాళ్లు నాకు 'దొర' అని పేరు పెట్టారు. అందులో సగం మర్యాద, సగం వేళాకోళం ఉండేవి. సగం చాలనుకుని నేను ఊరుకునేవాణ్ణి.

కొమురయ్య మాస్టర్ ఆ షెడ్డుకు పెద్ద. నమూనాలు గీయడం, మగ్గం దిగిన ప్రతి జంపఖానా చూసి పంపడం ఆయన పని. నలభై అయిదేళ్ల వయసు, సన్నని మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్. నేను చేరిన మూడో రోజున ఎరుపూ నీలమూ చారల జంపఖానా ఒకటి ఆయన ముందుకు వచ్చింది. నేసింది సమ్మయ్య అనే కుర్రవాడు. పని తెలిసినవాడిలా కనిపించాలని, "మంచిగున్నది" అన్నాను.

"ఎనుకకు మలిపి సూసినవా దొరా?" అన్నారు మాస్టర్.

"ఎందుకు? రెండు దిక్కులా ఒక్కతీరే ఉంటది గద."

"ఉండాలె. ఉన్నదా లేదా అన్నదే మన పని. ముందు దిక్కు దుకాణపోడు సూపెడ్తడు. ఎనుక దిక్కు మనమే సూసుకోవాలె."

ఆయన దాన్ని తిరగేశారు, అరచేత్తో ఒకసారి నిమిరారు.  తిరగేసినదాన్ని అలాగే సమ్మయ్య ముందు పరిచి, చాయ్ తాగడానికి వెళ్లిపోయారు. తిరిగి వచ్చేసరికి సమ్మయ్య తల గోక్కుంటూ ఒక మూల వేలు పెట్టి చూపించాడు. "గిక్కడ రెండు పోగులు తప్పిన మాస్టర్." "ఆఁ, ఇప్పి మల్ల కట్టు" అన్నారాయన, అంతే. ఎవరి తప్పునూ ఆయన తన నోటితో చెప్పడం నేను చూడలేదు. వెనుక వైపు వాళ్ల ముందు పెట్టి, చాయ్‌కి వెళ్లేవారు.

ఇంత గంభీరమైన మనిషికి ఒక పిచ్చి ఉండేది. బొంబాయిలో షబ్నం అని ఒక పాప్ పాటల అమ్మాయి ఉండేది. గిటార్లు, డ్రమ్ములు, హిందీ మధ్యలో ఇంగ్లీషు ముక్కలు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వినే పాటలు. మాస్టర్ ఆమెను 'మా చెల్లె' అనేవారు. ఆమె రికార్డులు రెండు ఆయన ట్రంకు పెట్టెలో, జంపఖానా ముక్కలో చుట్టి ఉండేవి. వాటిని తిప్పడానికి మాత్రం ఆయన దగ్గర మిషను లేదు. మైక్ సెట్ అద్దెకిచ్చే యాదగిరి దుకాణానికి తీసుకెళ్లి, పెళ్లిళ్లు లేని రోజుల్లో అక్కడ వినేవారు.

"మాస్టర్, మీ చెల్లె రాఖీ పంపిందా?" అని షెడ్డులో ఎవరో ఒకరు రోజూ అడిగేవారు.

"ఈయన సొంత చెల్లె పండుగకొస్తే చీరె పెట్టడు, బొంబాయి చెల్లెకు రికార్డులు కొంటాండు" అనేది ఆయన భార్య బుచ్చమ్మ, పక్క వరసలో నూలు చుడుతూ.

ఒకరోజు నేనే అడిగాను, ఏముంది ఆ పిల్ల పాటలో అని. నా గొంతులో చులకన ఉండే ఉంటుంది. ఆయన పట్టించుకోలేదు. "ఖమ్మం బండి కోసం టేషన్ల కూసున్న. చాయ్ బండి కాడ రేడియో మోగుతాంది. పాట మొదలువెట్టె ముందు ఆ పిల్ల ఊపిరి తీసుకున్నది ఇనవడ్డది దొరా. పోగు తీసుకునే ముందు మనం తీసుకోమా, గట్లనే. ఓహో, ఈమె గూడ మనలెక్క పని జేసుకునే మనిషే అనుకున్న" అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. పని అంటే మా ఇంట్లో ఇతరులు చేసేది.

రెండేళ్ల తరవాత షబ్నం మూడో రికార్డు వస్తోందని తెలిసింది. ఆలోపు యాదగిరి దుకాణంలో పెళ్లి బేరాలు ఎక్కువై, మాస్టర్ కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. పైగా సికింద్రాబాద్‌లో ముందే విన్న కాలేజీ పిల్లలు హోటల్లో, పక్క బల్ల దగ్గర నేను వింటుండగా, ఆయనను ఏడిపించారు. "మీ చెల్లె పని అయిపాయె మాస్టర్. అంత మిషన్ డ్రమ్ములే."

"రికార్డు మలిపి రెండో దిక్కు ఇన్నరా?"

"మొదటిదే ఇనబుద్ధి కాలే, రెండోదాని దాక ఎవడు పోతడు?"

మాస్టర్ ముఖం చిన్నబోవడం నేను మొదటిసారి చూశాను. షెడ్డుకు వచ్చాక నా బల్ల దగ్గర నిలబడి, "దొరా, మీ ఇంట్ల పాటల పెట్టె ఉన్నదట గద?" అన్నారు. మగ్గాల చప్పుడు ఆగింది. అందరూ నా వైపు చూస్తున్నారు. 'పెట్టె ఉంది, అందులో పప్పు ఉంది' అంటే సరిపోయేది. నా నోటి నుంచి వచ్చింది వేరు. "ఉన్నది. గసొంటిది వరంగల్ల ఇంకోటి లేదు."

"అయితే ఐతారం వస్తం" అన్నారాయన. ఆ ముఖం వెలిగిన తీరు చూసి నేను మాట వెనక్కి తీసుకోలేకపోయాను. శనివారం సాయంత్రానికి షెడ్డు సగం వస్తున్నట్టు తేలింది.

ఆదివారం పొద్దున్నే యాదగిరి దగ్గరికి వెళ్లాను. జీవితంలో నేను ఒకరిని బతిమాలింది అదే మొదలు. రికార్డుల మిషను, చిన్న యాంప్లిఫయరు, ఒక స్పీకరు డబ్బా రిక్షాలో తెచ్చాను. మిషను చుట్టూ ఎర్ర రంగుతో 'యాదగిరి మైక్ సెట్' అని అంగుళం లావు అక్షరాలు. పప్పు డబ్బాలు అమ్మ మంచం కిందకు తోసి, పెట్టె పైమూత కింద మిషను ఇరికించాను. స్పీకరు ముందరి గుడ్డ వెనుక పెట్టి, తీగ వెనుక నుంచి లాగాను. మూత సగమే తెరిస్తే అక్షరాలు కనిపించవు. పెట్టెను గోడకు ఆనించేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఎందుకు బిడ్డా?" అని ఒక్క మాట అడిగింది. నేను పెట్టె తలుపులు మూశాను.

పదకొండు గంటలకు వాళ్లు వచ్చారు. పన్నెండు మంది, అందరూ ఉతికిన బట్టల్లో. మాస్టర్ కొత్త రికార్డును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. గదిలో చాప చాలక, వాళ్లే ఒక జంపఖానా తెచ్చి పరిచారు. సమ్మయ్య పెట్టెను నోరు తెరిచి చూస్తూ, "గడిల సామానంటే గట్లుంటది రా!" అన్నాడు. నా వీపు ఇంకా నిటారైంది.

మాస్టర్ పెట్టె ముందు నిలబడలేదు. అలవాటు ప్రకారం పక్కకు వెళ్లారు. "జర ముందుకు జరుపుదాం దొరా. గోడకు ఒత్తుకుంటే గొంతు మూసుకపోతది" అంటూ సమ్మయ్యను పిలిచి దాన్ని మూరెడు ముందుకు లాగించి, పెట్టె వెనక్కి వెళ్లారు.  వెనుక పలక లేదు. తీగలు, యాంప్లిఫయరు, ఎర్ర అక్షరాలు అన్నీ అక్కడ పరిచినట్టే ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసినట్టు నాకు అనిపించింది.

"ఎట్లున్నది మాస్టర్ ఎనుక?" అని ఎవరో అడిగారు.

"పాట ఇందాం పట్టు" అంటూ ఆయన ముందుకు వచ్చి, జంపఖానా మీద కూర్చున్నారు. రికార్డు నా చేతికి ఇచ్చారు. "రెండో దిక్కు ముందు."

పెట్టాను. మొదటి రెండు పాటలూ పరవాలేదు. ఆయన కళ్లు మూసుకుని తొడ మీద వేలితో లెక్క వేస్తున్నారు. మూడోది నిదానమైన పాట. డ్రమ్ములు లేవు. ఒక్క గిటారు, ఒక్క ఢోలకు. పాటకు ముందు ఆ అమ్మాయి ఊపిరి తీసుకోవడం మా గదిలోనే తీసుకున్నట్టు వినిపించింది. నడుమ ఒక చోట, పై స్వరానికి వెళ్లేటప్పుడు గొంతు చిన్నగా చీలింది. అది తీసేసి మళ్లీ పాడి ఉండవచ్చు. అలాగే ఉంచారు.

"ఇన్నవా!" మాస్టర్ మోకాళ్ల మీద లేచారు. "ఇన్నరా అందరు? గొంతు చీలింది. దాయలే! ఉన్నది ఉన్నట్టు మన ముందట పెట్టింది. నా చెల్లె పని ఎట్ల అయిపోతదిరా, ఇగ మొదలైతాంది!" బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "లేచి ఎగురు మరి" అంది. ఆయన నిజంగానే లేచి, రెండు చేతులూ చాపి, మగ్గం తొక్కినట్టు అడుగులు వేశారు. సమ్మయ్య ఈల వేశాడు. నా కాలు దానంతట అదే నేల మీద తాళం వేస్తోందని పాట అయ్యాక గాని నాకు తెలియలేదు.

దిక్కు అయిపోయింది. ముల్లు గర్రుమంటోంది. "పాట సంగతి సరే, పెట్టెను సూడుర్రి! యాదగిరి డబ్బాకు ఈ గొంతు యాడిది? దొర పెట్టె దొర పెట్టే!" అన్నాడు సమ్మయ్య. అందరూ అవునన్నారు.  మాస్టర్ మాత్రం నా వైపు చూడలేదు. "అమ్మా, జర చాయ్ ఉన్నదా?" అని లోపలికి కేకేసి, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డారు.

ఆ వీపు నాకు తెలుసు. షెడ్డులో రోజూ చూస్తున్నదే.

నేను లేచాను. పెట్టె మూత పూర్తిగా ఎత్తాను, కింది తలుపులు రెండూ తెరిచాను. "ఇది యాదగిరి మిషనే. మా పెట్టెల మిషను లేదు. మేం ఈ ఇంటికి వచ్చినప్పటి సంది లేదు. పప్పు డబ్బలుంటయి" అన్నాను. నా గొంతు కూడా ఒక చోట చీలింది.

 గుమ్మంలో నుంచి అమ్మ అంది: "పొద్దున్నే డబ్బలన్ని నా మంచం కిందికి తోసిండు. వంగి తీసేసరికి నా నడుము పోయింది. ఇయ్యాల మా ఇంట్ల పప్పు ఇంకా ఉడుకుతాంది."

ముందు నవ్వింది బుచ్చమ్మ. "గందుకే దొరసానీ, గీ పాట పప్పు వాసన ఒస్తాంది!" అంది. ఇక గది మొత్తం పగలబడింది. సమ్మయ్య కింద పడి దొర్లాడు. గడి వదిలాక అమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. నేనూ నవ్వాను, కాలర్ గుండీ ఊడేంతగా.

మాస్టర్ చాయ్ గ్లాసుతో తిరిగి వచ్చారు. ఇంకో గ్లాసు నాకు ఇచ్చారు. వాళ్ల మధ్య, జంపఖానా మీద, చోటు చూపించారు. "కూసో దొరా. ఇగ మొదటి దిక్కు పెట్టు" అన్నారు.

మొదటి దిక్కు నిజంగానే అంత బాగాలేదు. "ఇది బజారు కోసం నేసింది, రంగు ఎక్కువ" అని ఆయనే ఒప్పుకున్నారు. "అయినా పొట్టకు నేసేది కొంత ఉంటది, తప్పు పట్టొద్దు." తరవాత చాలా ఆదివారాలు అందరం కలిసి యాదగిరి మిషను తెచ్చుకుని విన్నాం. అక్షరాలు ముందుకు తిప్పి పెట్టేవాళ్లం. షెడ్డులో నన్ను దొర అనడం వాళ్లు మానలేదు. అందులో వేళాకోళం పోయిందో, నాకు వినిపించడం మానేసిందో చెప్పలేను.

షబ్నం ఆ తరవాత ఎక్కువ పాడలేదు. క్యాసెట్లు వచ్చాక మాస్టర్ వాటినీ రెండో దిక్కు నుంచే మొదలుపెట్టేవారు. ఆయన పోయాక బుచ్చమ్మ ఆ మూడో రికార్డును జంపఖానా ముక్కలో చుట్టి నాకు పంపింది. పెట్టెలో పప్పు డబ్బాలున్న చోట ఇప్పుడు అది ఉంది.

కాలర్ గుండీ నేను ఇప్పటికీ పెట్టుకుంటాను. మా తాతగారి పేరు చెప్పేటప్పుడు ఇప్పటికీ వీపు నిటారవుతుంది, అందుకు నేను సిగ్గుపడను. కాని ఆ పెట్టెను మళ్లీ గోడకు ఆనించలేదు. ఇల్లు మారిన ప్రతిసారీ మూరెడు ఎడం వదిలే పెట్టించాను. మొన్న వడ్రంగి పని అయ్యాక దాన్ని గోడకు నెట్టబోయాడు.

"అక్కడే ఉండనీ" అన్నాను.

"ఎందుకు సార్, చోటు దండుగ?"

"వచ్చినోళ్లు ఎనుకకు పోయి సూసుకుంటరు."